నాలుగో రీలు, ఐదో రీలు

ఒనొరీన్ దుబోస్క్ గురించి ఈ ఊళ్ళో ఎవరు నోరు విప్పినా నాకు ఒళ్ళు మండుతుంది. తిట్టినా మండుతుంది, పొగిడినా మండుతుంది. ఇప్పుడైతే అందరూ పొగిడేవాళ్ళే. ఆ మే నెలలో తామేమన్నారో ఒక్కరికీ గుర్తులేదట! నాకు గుర్తుంది. ఎవరు ఏ వరసలో కూర్చుని ఏం కూశారో కూడా చెప్పగలను. ఓక్‌వీల్‌లో ఉన్న ఒకే ఒక్క సినిమా హాలుకి ఆపరేటర్ని నేను. వాళ్ళ నెత్తిమీద గదిలో, చిన్న కిటికీ వెనక నిలబడి అంతా విన్నాను.

ఒనొరీనమ్మ బట్టలుతికి ఇస్త్రీ చేసే మనిషి. చర్చిలో బలిపీఠం మీద పరిచే గుడ్డలు, ముసలమ్మల గంజి టోపీలు, మా హాలు యజమాని మెడపట్టీలు, అన్నీ ఆమె చేతిమీదుగా పోవలసిందే. ఇంటింటికీ ఒక అంకె ఇచ్చి, ప్రతి బట్ట మూలా ఎర్ర దారంతో ఆ అంకె కుట్టేది. నా చొక్కాల మీద ముప్ఫై ఒకటి ఉండేది. పన్నెండేళ్ళు ఆమె పెట్టిన గంజితోనే నేను ఆదివారాలు మెడ నిటారుగా పెట్టుకుని తిరిగాను. పెళ్ళాం లేని వాడికి అది తక్కువ సంగతి కాదు.

వీటన్నిటికంటే ఆమెకు ప్రాణం మొదటి దివ్యసత్ప్రసాదం గౌన్లు. ఏటా మే నెలలో పదకొండు పన్నెండేళ్ళ ఆడపిల్లలు తెల్ల గౌను, తెల్ల ముసుగు వేసుకుని ఆ ప్రసాదం మొదటిసారి తీసుకోవడానికి బారులు తీరి చర్చికి నడిచి వెళతారు. ఆ గౌన్లన్నీ వారం ముందే ఒనొరీనమ్మ ఇంటికి చేరతాయి. ఊరేగింపులో అందరికంటే వెనక, గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని ఆమె నడిచేది. గాలికి ఏ పిల్ల ముసుగు జారినా పరుగున వెళ్ళి సర్దేది. ముప్ఫై ఏళ్ళుగా ఆ చోటు ఆమెదే. అడిగి తీసుకున్నదీ కాదు, ఎవరూ ఇచ్చిందీ కాదు.

ఇక సినిమా సంగతి. ఆ మే నెలకు రెండేళ్ళ ముందు పారిస్ నుంచి సినిమా వాళ్ళు వచ్చి మా ఏటి ఒడ్డున, బట్టలుతికే రేవులో కెమెరా పెట్టారు. సుఖం అంటే ఏమిటన్న దానిమీద మూడు కథలు కలిపి ఒకే సినిమాగా తీస్తున్నారట. ఆడవాళ్ళను మామూలుగా బట్టలు ఉతకమన్నారు. పని అయ్యాక ఒనొరీనమ్మ రాతి మీద కూర్చుంది, మేజోళ్ళు విప్పింది, గౌను మోకాళ్ళ దాకా లాక్కుని కాళ్ళు చల్లటి నీళ్ళలో పెట్టింది. పెట్టి నవ్వింది. వాళ్ళు అదీ తీసేశారు. మొగుడు పోయాక ఆమె అలా నవ్వగా ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

సినిమా మా ఊరికి మేలో వచ్చింది. బడిపంతులు మొస్యె వాస్లాన్ నడిపే ఫిల్మ్ క్లబ్బు కోసం ఆదివారం మధ్యాహ్నం ఆట. మొదటి కథ తిండిపోతు నోటరీది. రెండోది రేవు పట్నంలో సానికొంపది. మూడోది మా రేవులో బట్టలుతికే వాళ్ళది. ఆట అయ్యాక లైట్లు వేసి చర్చ పెడతారు. మగవాళ్ళు లేచి ఒక్కొక్కరే గొంతు సవరించుకుని మాట్లాడతారు. మా ఊళ్ళో దానికి సినిమాకన్నా ఎక్కువ గిరాకీ.

ఆ రోజు నేను చేసిన వెధవపని ఇది. అంతకుముందు సినిమా ఆడిన ఊరి ఆపరేటరు నాలుగో రీలును ఐదో డబ్బాలో, ఐదో రీలును నాలుగో డబ్బాలో పడేసి పంపాడు. మాలో అది మామూలే. చేతికి ఏ డబ్బా ఖాళీగా దొరికితే అందులో పెట్టేస్తాం. అందుకే రీలు ఎక్కించే ముందు ఫిల్ము మొదట్లో ఉండే ఖాళీ ముక్క, మేం తోక అంటాం, అది తిప్పి దానిమీది అంకె చూసుకోవాలి. నేను చూడలేదు. డబ్బా మీది అంకెను నమ్మాను.

మూడో రీలు చివర సానికొంపలో ఒక ఆడది షావుకారును వెంటబెట్టుకుని మెట్లెక్కుతుంది, తలుపు మూసుకుంటుంది. ఆ వెంటనే నాలుగో రీలు రావాలి. ఐదోది వచ్చింది. మూసుకున్న తలుపు తరవాత మోకాళ్ళ దాకా గౌను లాక్కుని, పక్కన మేజోళ్ళు పెట్టుకుని, విరగబడి నవ్వుతూ ఒనొరీనమ్మ! అది అయ్యాక మళ్ళీ సానికొంప, తెల్లవారి ఆడవాళ్ళు జడలు విప్పుకుని ఆవలించడం. మూడో కథ పేరూ, రేవులో బట్టలుతకడమూ నాలుగో రీలు చివర ఉన్నాయి. అవి ఎప్పుడో తరవాత పడ్డాయి. హాల్లో ఒక్కడికీ ఏ తేడా తెలియలేదు. పారిస్ వాళ్ళ తీరే అంత అనుకున్నారు.

"అదేంటే! మన ఒనొరీన్ కాదూ?" అంది మూడో వరసలోంచి మందుల షాపు ఆయన భార్య మదాం కొక్రెల్.

"ఆవిడే. ఆ కొంపలో మనిషిగా వేసిందన్నమాట!" అంది పక్కనున్నావిడ.

"వేసిందో, వెనక నిజంగానే ఆ పని చేసిందో! ఆ నవ్వు చూడు, కొత్త మనిషి నవ్వులా ఉందా?"

లైట్లు వేశాక పంతులుగారు సుఖానికీ ఆత్మకూ ఉన్న సంబంధం గురించి ఇరవై నిమిషాలు దంచారు. మా ఊరి నోటరీ దగ్గరి గుమాస్తా లేచి, సాని పాత్రకు పల్లెటూరి ఇస్త్రీ మనిషిని తీసుకోవడంలో దర్శకుడి ధైర్యం కనిపిస్తోందన్నాడు. చప్పట్లు కొట్టారు. చదువుకున్న వాళ్ళు! వీళ్ళ ధైర్యాలు మండిపోనూ.

రీళ్ళు వెనక్కి చుట్టేటప్పుడు గానీ నా కళ్ళు తెరుచుకోలేదు. ఐదోది అనుకుని ఆడించిన రీలు తోక మీద నాలుగు అని ఉంది. మర్నాడు పొద్దున్నే హాలు యజమాని మొస్యె గ్రిమూ దగ్గరికి పరిగెత్తాను.

ఆయన అప్పుడే కాఫీలో రొట్టె ముంచుకుంటున్నాడు. అంతా విని, "ఎవరికైనా చెప్పావా?" అన్నాడు.

"లేదండీ. ఇప్పుడే పంతులుగారికి చెబుతాను. ఇవాళ ఒక ఆట సరిగ్గా వేస్తే..."

"కూర్చో ఫెర్నాన్. నిన్నటి నుంచి ఎంతమంది అడిగారో తెలుసా, మళ్ళీ ఎప్పుడు ఆడిస్తారని? గురువారం దాకా ఉంచుకుంటామని ఫిల్ము పంపినవాళ్ళకి ఫోన్ చేసేశాను. రీళ్ళు ఎలా ఉన్నాయో అలాగే ఉండనీ."

"అదేం మాటండీ! ఆవిడ పరువు పోతుంది."

"ఇస్త్రీ చేసుకునే దానికి పరువేంటయ్యా! వారం పోతే ఎవరికి గుర్తుంటుంది? నీ ఉద్యోగం సంగతి మాత్రం నాకు గుర్తుంటుంది."

నేనేం చేశానంటారా? నోరు మూసుకుని సోమవారం అలాగే ఆడించాను. మంగళవారమూ, బుధవారమూ అంతే. హాలు కిటకిటలాడింది. ఎన్నడూ సినిమా మొహం చూడని వాళ్ళు కూడా వచ్చారు. ఆ తలుపు మూసుకోగానే "ఇదిగో, ఇదిగో!" అని ఒకళ్ళనొకళ్ళు పొడుచుకునేవాళ్ళు. ఒనొరీనమ్మ నవ్వగానే ఈలలు. నా చేతులు ఎందుకు పడిపోలేదో ఇప్పటికీ తెలియదు.

సోమవారం సాయంత్రానికే చర్చి ఆడవాళ్ళు వచ్చి బలిపీఠం గుడ్డలు పట్టుకుపోయారు. మంగళవారం నుంచి తల్లులు గౌన్ల కోసం బయలుదేరారు. ఆమె ఇల్లు హాలు వెనక సందులోనే. నా గది వెనక కిటికీలోంచి అంతా కనబడుతుంది, వినబడుతుంది. మదాం కొక్రెల్ తన కూతురి గౌనును రెండు వేళ్ళతో పట్టుకుని వచ్చింది, అంటుకుంటే ఏదో రోగం వస్తుందన్నట్టు.

"ఏంటమ్మా, గంజి ఇంకా పెట్టనేలేదు. ఎందుకు తీసుకుపోతున్నావ్?" అంది ఒనొరీనమ్మ గుమ్మంలో నిలబడి.

"ఎందుకో నీకు తెలీదూ? పాపం, అమాయకురాలు!"

"తెలిస్తే అడుగుతానా? నా చేతిలో మాడిందా, చిరిగిందా?"

"నీ చేతులకేం, దివ్యంగానే ఉన్నాయి. నీ కాళ్ళ సంగతే ఊరంతా చూసింది. పిల్లలు దేవుడి దగ్గరికి వెళ్ళే బట్టలివి. నీ చెయ్యి తగలకపోతేనే మేలు. ఆదివారం ఊరేగింపులోకి కూడా రాకు."

బుధవారానికి పదకొండు గౌన్లలో ఒక్కటీ మిగల్లేదు. ఒనొరీనమ్మ ఖాళీ తాడు కింద కుర్చీ వేసుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పొయ్యిమీద ఇస్త్రీపెట్టెలు ఊరికే కాలుతున్నాయి. ఆ వెధవ సినిమా ఆమె ఇంకా చూడనే లేదు. ఆదివారమంతా వీళ్ళ గౌన్లకి కుచ్చిళ్ళు పెడుతూ కూర్చుంది కదా!

గురువారం మధ్యాహ్నం చివరి ఆట. మా బడికి గురువారాలు సెలవు, పంతులుగారితో సహా జనం విరగబడ్డారు. ఆట మొదలయ్యే ముందు ఒనొరీనమ్మ వచ్చింది. మంచి నల్ల గౌను, తలమీద తన పెళ్ళినాటి గంజి టోపీ. ఆమె ఎవరి వంకా చూడకుండా మొదటి వరసలో కూర్చుంది. నాకు అంతకుమించి ఓపిక లేకపోయింది. ఉద్యోగం ఊడితే ఊడనీ అని రీళ్ళు సరిగ్గా ఎక్కించాను.

తలుపు మూసుకుంది. సానికొంప తెల్లవారింది. మూడో కథ పేరు పడింది. రేవు, బట్టలు, ఎండ, చివరికి ఒనొరీనమ్మ పాదాలు, నవ్వు. ఈల లేదు. ఇప్పటికైనా వీళ్ళకు సిగ్గు తెలుస్తుందిలే అనుకున్నాను. నా పిచ్చిగానీ!

"మోసం!" అని అరిచారెవరో. "అక్కడ ఉండాల్సిన ముక్క కోసేసి ఇక్కడ అతికించారు!"

"ఆవిడ వచ్చి కూర్చుందని మార్చేశారు. డబ్బులిచ్చి కొనుక్కున్న టిక్కెట్లు మావి. అసలు బొమ్మ వెయ్యండి!"

"ఎంత పెట్టి మాయ చేయించావమ్మా ఒనొరీన్?" అంది మదాం కొక్రెల్.

మిషను ఆపేశాను. లైట్లు వేసి, రెండు రీళ్ళూ చంకన పెట్టుకుని మెట్లు దిగి తెర ముందుకు వెళ్ళాను.

"మాయా లేదు, మంత్రమూ లేదు!" అని అరిచాను. "ఇది నాలుగు, ఇది ఐదు. రండి, కళ్ళుంటే వచ్చి చదవండి. ఆదివారం నేను తారుమారుగా ఎక్కించాను. మూడు కథలకీ ఒకదానితో ఒకదానికి పొత్తు లేదు. ఏ బట్టలుతికే మనిషి ఎటునుంచి వచ్చి ఎటు పోతోందో మీలో ఒక్కరైనా ఆలోచించారా? చర్చలు పెట్టారు! చప్పట్లు కొట్టారు!"

పంతులుగారు వచ్చి రెండు తోకలూ దీపానికి ఎత్తి పట్టి చదివారు. తెల్లబోయిన మొహంతో వెళ్ళి కూర్చున్నారు. మొస్యె గ్రిమూ వెనక తలుపులోంచి జారుకున్నాడు.

ఒనొరీనమ్మ లేచి జనం వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"పొద్దుటినుంచి ఎండలో నిలబడి మీ దుప్పట్లు ఉతికితే కాళ్ళు మంటెత్తాయి. నీళ్ళలో పెట్టుకున్నా. హాయిగా అనిపించింది, నవ్వా. అదీ జరిగింది."

ఆమె నా దగ్గరికి వచ్చింది.

"ముప్ఫై ఏళ్ళు ఊరి బట్టలు ఉతికా, ఫెర్నాన్. ఒకళ్ళది ఇంకొకళ్ళకి ఇచ్చానా?"

"లేదు, ఒనొరీనమ్మా."

"నీకు ఉన్నవి ఎనిమిది డబ్బాలు."

"పొరపాటైంది. నన్ను క్షమించు."

"ఆదివారం పొరపాటు పడ్డావు. సరే. మరి సోమవారం?"

నేను చేతిలోని రీళ్ళ తోకలు చుట్టసాగాను. ఆమె జవాబు కోసం ఆగింది. తరవాత జనం మధ్యలోంచి నడిచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే తల్లులు గౌన్లు పట్టుకుని ఆమె గుమ్మం ముందు వరస కట్టారు. "పిల్లలేం చేశారులే" అని పదకొండూ తీసుకుంది. మదాం కొక్రెల్ కూతురిది కూడా. రెండు రోజులూ మంచం ఎక్కకుండా ఇస్త్రీ చేసింది. ఆదివారం ఊరేగింపులో ఆమె చోటు మాత్రం ఖాళీగా ఉంది. గాలికి ముసుగులు జారితే సర్దేవాళ్ళు లేక తల్లులే అటూ ఇటూ పరిగెత్తారు. ఆ తరవాత ఆమె బతికినన్నాళ్ళూ ఏ ఊరేగింపుకూ రాలేదు.

సోమవారం నా గుమ్మం ముందు నా ఆదివారం చొక్కా మడతపెట్టి ఉంది. ఎప్పటిలాగే గంజి పెట్టింది, కాలరు నిటారుగా నిలిచింది. విప్పి మూల చూశాను. ముప్ఫై ఒకటి లేదు. ఎర్ర దారం పోగు పోగుగా ఊడదీసేసింది. సూది రంధ్రాలు మాత్రం ఉన్నాయి.