కర్రికి నేర్పిన పని

నెల రోజులుగా మా మనవరాలు కుక్కపిల్ల కోసం ఇల్లు సిద్ధం చేస్తోంది. కుక్కపిల్ల ఇంకా రానేలేదు. దానికి పరుపు వచ్చింది, పరుపుకు గలీబులొచ్చాయి, కొరుక్కోవడానికి రబ్బరు ఎముక వచ్చింది, వానలో తడవకుండా ఎర్ర కోటు కూడా వచ్చింది. నా పెళ్లికి సైతం ఇంత సరంజామా సమకూరలేదు. మొన్న ఒక శిక్షకుడు వచ్చి, కుక్కతో ఇంగ్లీషులో ఎలా మాట్లాడాలో కుక్క కంటే ముందు ఇంట్లోవాళ్లకు నేర్పి వెళ్లాడు. ఆయన పోయాక పిల్ల నా దగ్గర చేరి, మీ చిన్నప్పుడు కుక్కకు ఏమైనా నేర్పారా నానమ్మా అని అడిగింది. మొరగడం నేర్పామన్నాను. అది పడీపడీ నవ్వింది. నవ్వాల్సిన మాటే. ఆ తర్వాత ఆ మొరగడాన్నే మాన్పించామని చెప్పబోయేలోగా దాని ట్యూషన్ వేళైంది. చెప్పకుండా మిగిలింది లోపల గుచ్చుతూనే ఉంటుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు మాది బస్తర్ రాజ్యం. ఉసూర్ నుంచి అడవి దారి పట్టుకుని పోతే మా ఊరు వస్తుంది. మా తాతల కాలంలో గోదారి అవతలి నుంచి వచ్చి, పొదలు కొట్టి పొలం చేసుకున్న తెలుగువాళ్లం. ఇంట్లో తెలుగు, చేలో అక్కడి దొర్లవాళ్ల భాష దొర్లి, సంతలో ఎదుటివాడికి ఏది వస్తే అది, సర్కారు మనిషి కనపడితే మాకు రాని హిందీ. ఇంట్లో నాయన, అమ్మ, నేను ముగ్గురమే. తిండి సగం వడ్లు, సగం ఇప్పపువ్వు. చలి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో ఇప్పచెట్ల కింద తెల్లారేసరికి పువ్వు పరుచుకుని ఉంటుంది. ఏరి, ఎండబెట్టి, గాదెలో పోసుకుంటే వానాకాలం గడుస్తుంది. ఊరి పెద్ద మా అమ్మ వంతుగా వదిలిన చెట్లు వాగు ఒడ్డున ఉండేవి. ఒక ఏడు ఆ చెట్ల కింద ఊడ్వకుండా వదిలేస్తే మరో ఇంటికి ఇచ్చేస్తారు. మా ఊరి కట్టుబాటు అది. అందుకే జ్వరమొచ్చినా, చుట్టాలొచ్చినా ఆ రోజుల్లో ఆడవాళ్లు చెట్టు వదిలేవాళ్లు కాదు.

ఇప్పపువ్వంటే మనిషికెంత ఇష్టమో గుడ్డెలుగుకు, అదే ఎలుగుబంటికి, అంతకు రెట్టింపు ఇష్టం. అది పాపం మన మీదికి రావాలని రాదు. పువ్వు తింటూ తింటూ తల ఎత్తి, ఎదురుగా మనిషి కనపడితే బెదిరి మీద పడుతుంది. మా ఇంటికి కుక్క రాకముందు ఏడు మా పక్కింటి అత్తకు అలాగే జరిగింది. ప్రాణం దక్కింది గానీ ముఖంలో ఒక పక్కంతా పోయింది. కొంగు ఆ పక్కకు లాక్కునే మాట్లాడేది. ఆవిడ ఎదురొస్తే నేను అమ్మ వెనక దాక్కునేదాన్ని. దానికి తోడు ఆ వానాకాలం అమ్మకు మన్యం జ్వరం వచ్చింది. మంచంలోంచి లేచేసరికి చెవులు మందగించాయి. ఎడమ చెవి పోయింది, కుడిది బాగానే ఉందని తనే అందరికీ చెప్పింది. నమ్మాం. ఎప్పుడు చూసినా గోడకు వీపు ఆనించి, వాకిలి వైపు చూస్తూ కూర్చునేది. జ్వరం పడి లేచిన మనిషి కదా, నడుము నొప్పేమో అనుకున్నాం.

కుక్కను తేవాలన్నది నాయన ఆలోచన. మొరిగే కుక్క పక్కన ఉంటే ఒక్క చెవి చాలునన్నాడు. ఊళ్లోవాళ్లు కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టే ఉందని ఎగతాళి చేశారు. నాయన వినలేదు. పిల్ల రాకముందే కొట్టంలో ఒక మూల గుంట తవ్వి వరిగడ్డి పరిచాడు. రాత్రిపూట చిరుత ఎత్తుకుపోకుండా బోర్లించడానికి వెదురు గంప అల్లాడు. అమ్మ పగిలిన కుండ అడుగును నున్నగా రుద్ది చిప్ప చేసింది. కోతలయ్యాక పక్క పల్లె దొర్ల తాత దగ్గరికి పోయాం. మాకు చుట్టమేమీ కాదు, నాయనకు వేట నేర్పినవాడు. ఊరికే తెచ్చుకున్న కుక్క ఊరికే పోతుందని నాయన సోలెడు ఉప్పు ఇచ్చాడు. తాత పిల్లలన్నిటినీ మెడ తోలు పట్టి లేపి చూసి, గింజుకోకుండా వేలాడిన నల్లదాన్ని మా చేతిలో పెట్టాడు. పెడుతూ పెడుతూ, గుడ్డెలుగు కనపడితే ఉరకొద్దు, కేక వెయ్యొద్దు, మెల్లగా వెనక్కి రావాలని ఆ కుక్కపిల్లకే చెబుతున్నట్టు మాకు చెప్పాడు. ఇంట్లో ఉన్న పాత ఎలుగు తోలు ముక్క ఒకటి కూడా ఇచ్చాడు. అదీ మా పాఠ్యపుస్తకం.

కర్రి అని పిలిచాం. కర్రికి అన్నీ వచ్చు, మొరగడం తప్ప. నాయన తోలు ముక్కకు తాడు కట్టి దొడ్లో ఈడ్చేవాడు. కర్రి దాన్ని చూడగానే వణికి నా కాళ్ల మధ్య దూరేది. ఎలా మొరగాలో చూపిద్దామని నాయన చేతులు నేలకు ఆనించి తనే మొరిగాడు. పక్కిళ్లవాళ్లు దడి మీదుగా తొంగి చూసి, ఈ ఇంట్లో పెద్ద కుక్కకు బాగా వచ్చింది, చిన్నదానికే రాలేదన్నారు. చివరికి ఒకనాడు కర్రి తోలును చూసి వెనక్కి పోలేదు. కాళ్లు బిగించి, గొంతు చించుకుని మొరిగింది. నాయన దాన్ని ఎత్తుకుని ఊరంతా తిప్పాడు. నన్ను కూడా ఎప్పుడూ అలా తిప్పలేదు.

మర్నాడు నాయన చేనుకు పోయాక, నేర్చింది మరిచిపోతుందేమోనని నేనే తాడు పట్టుకున్నాను. అమ్మ దొడ్లో చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. ఆ రోజెందుకో మాకు వీపు పెట్టి కూర్చుంది. నేను తోలు ఈడ్చాను. కర్రి ఎంత మొరిగిందంటే కోళ్లు దడి ఎక్కాయి. అమ్మ తిరగలేదు. చేట లయ తప్పలేదు. అమ్మా అని పిలిచాను. ఇంకా గట్టిగా పిలిచాను. తాడు కింద పడేశాను. చుట్టూ తిరిగి ఎదురుగా పోయి నిలబడ్డాను. అమ్మ తలెత్తి నన్ను చూసి నవ్వింది. పక్కన నోరు తెరిచి మొరుగుతున్న కర్రిని చూసింది. మళ్లీ నా ముఖం చూసింది. నవ్వు ఆగిపోయింది.

చేట కింద పెట్టి, "రెండోది గూడ పొయ్యింది బిడ్డా," అంది. "నాయనకు చెప్పకు. చెట్టు కాడికి పోనియ్యడు."

నేను ఏడవడం మొదలుపెట్టాను. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకునే విద్య ఆమె ఎవరికీ తెలియకుండా నేర్చుకుంది. ఏడుస్తూ మాట్లాడితే పెదవులు అందవు కాబట్టి నా ముఖం తుడిచి, మళ్లీ చెప్పమంది. మరి గుడ్డెలుగొస్తే ఎట్ల అన్నాను. ఆమె కర్రి వైపు చాలాసేపు చూసి, "దీనికి మొరుగుడు గాదు, నన్ను పట్టి గుంజుడు నేర్పు," అంది.

ఇప్పచెట్లు అప్పటికే ఆకు రాలుస్తున్నాయి. నాయన లేనప్పుడల్లా దొడ్లో మా బడి నడిచేది. అమ్మ ఒడిలో ఎండుచేప ముక్కలు పెట్టుకుని కూర్చునేది. నేను తోలు తెచ్చేదాన్ని. కర్రి మొరిగితే ఏమీ దొరకదు. పోయి అమ్మ చీర చెంగు పట్టి లాగితే చేప ముక్క దొరుకుతుంది. దాని బుర్రకు ఇది మొరగడం కంటే త్వరగా ఎక్కింది. చేప రుచి అలాంటిది. కానీ ఎక్కి కొత్త చిక్కు తెచ్చింది. ఆకలేసినా చెంగు లాగేది, ఆట కావాలన్నా లాగేది. నిజంగా ఎలుగు వచ్చి లాగితే అమ్మ కసిరి కొడుతుందేమోనని నాకు నిద్ర పట్టేది కాదు. ఆ చిక్కు అమ్మే విప్పింది. లాగినప్పుడల్లా దాని వీపు మీద చెయ్యి వేసి చూసేది. ఆకలైతే వీపు మెత్తగా ఊగుతుంది, తోలు వాసన తగిలితే వెంట్రుకలు లేచి ఒళ్లంతా సన్నగా అదురుతుంది. నా చెయ్యి పట్టి పెట్టించి నాకూ చూపించింది. చెవులు పోయిన మనిషికి అరచెయ్యి అంత పదునెక్కుతుందని నాకు తెలియదు.

పువ్వు రాలడం మొదలవుతుందనగా నాయన పరీక్ష పెట్టాడు. చెప్పాపెట్టకుండా తోలు తాడు తీసి దొడ్లో ఈడ్చాడు. కర్రి ఒక్క మొరుగు మొరగలేదు. ఉరికి పోయి అమ్మ చెంగు నోట కరుచుకుని వణుకుతూ నిలబడింది. నాయన ముఖం నల్లబడింది. మళ్లీ ఈడ్చాడు, అదిలించాడు, తనే మొరిగి చూపించాడు. ఇన్నాళ్లు చెప్పింది చెవిటోని ముందట శంఖం ఊదినట్టే అయిందని తాడు విసిరికొట్టాడు. ఆ మాటకు నేను అమ్మ వైపు చూడకుండా నేల చూపులు చూశాను. ఇది పిరికిది, తాతకు తిరిగి ఇచ్చేస్తానన్నాడు. అమ్మ కర్రి వీపు మీద చెయ్యి తీయకుండా, "పిరికిదే గావాలె నాకు," అంది. నాయనకు ఏమీ అర్థం కాలేదు.

ఇచ్చేసే వ్యవధి ఆయనకు దొరకలేదు. సర్కారు సాహెబులు ఊళ్లు తిరిగే దౌరా వస్తోందని, సామాన్లు మోయడానికి ఇంటికొక మనిషి రావాలని చప్రాసీ వచ్చి చెప్పాడు. ఆ రోజుల్లో వెట్టికి రానంటే బతకనిచ్చేవాళ్లు కాదు. నాయన తలపాగా చుట్టుకుంటూ, గోడ వైపు తిరిగి, నేనొచ్చే దాక చెట్టు కాడికి పోవద్దు అన్నాడు. నేను విన్నాను. ఆయన పోయాక అమ్మకు చెప్పాను. అమ్మ బుట్ట భుజాన వేసుకుంటూ, "ఆయన అన్నది నేను ఇనలే గద," అంది. అలాంటి మనిషితో ఎవరు వాదించగలరు?

రోజూ తెల్లారుతూనే అమ్మ, కర్రి పోయేవాళ్లు. పొద్దెక్కాక నేను అంబలి ముంత పట్టుకుపోయేదాన్ని. దారి పొడవునా, అమ్మ తల కనపడేదాకా అంబలి తొణికినా ఆగకుండా ఉరికేదాన్ని. ఒకనాడు గట్టు దిగుతుంటే అమ్మ కనపడింది. చెట్టు కింద వంగి, వాగుకు వీపు పెట్టి పువ్వు ఏరుతోంది. ఆమె వెనక, ఒక ఎడ్లబండి పట్టేంత దూరంలో, ఈతపొదలోంచి నల్లగా కదిలింది. గుడ్డెలుగు. నేల మీద మూతి పెట్టి, బుస్సుమని పీలుస్తూ పువ్వు తింటూ వస్తోంది. ఆ చప్పుడు గట్టు మీద ఉన్న నాకు వినపడుతోంది. అమ్మకు వినపడదు. కేక వేస్తే అది బెదురుతుంది. కేక వేసినా అమ్మకు చేరదు. ముంత రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అంత భయం నేను మళ్లీ ఎరగను, పిల్లలు పుట్టినప్పుడు కూడా.

కర్రి లేచింది. గాలి మూతితో పట్టి, ఉరికిపోయి చెంగు లాగింది. అమ్మ వంగిన నడుము లేపకుండానే ఎడమ చేత్తో దాన్ని తోసేసింది. ఎలుగు ఇంకా దగ్గరికొచ్చింది. కర్రి మళ్లీ లాగింది, ఈసారి వదల్లేదు. అమ్మ చెయ్యి కొట్టడానికే లేచింది. లేచిన చెయ్యి కర్రి వీపు మీద పడి, అక్కడే ఆగిపోయింది.

వెనక్కి తిరిగి చూడలేదు. పరుగెత్తలేదు. బుట్ట ఎక్కడిదక్కడ వదిలి, మెల్లగా నడుం ఎత్తి, తిన్నగా నా వైపు నడిచింది. కర్రి చెంగు వదలకుండా పక్కనే నడిచింది. ఎలుగు తలెత్తింది. ముందరి కాళ్లు లేపి, మనిషిలా నిలబడి, ఇటూ అటూ వాసన చూసింది. నా కళ్లలోకి చూస్తూ అమ్మ నడుస్తూనే ఉంది. వెనక ఏముందో నా ముఖంలోనే చదువుకుంటోంది. ఎలుగు నాలుగు కాళ్ల మీదికి దిగి, బుట్టలో మూతి పెట్టింది. అమ్మ గట్టు ఎక్కి నా చేతిలో ముంత తీసుకుంది. అప్పుడు కింద కూర్చుండిపోయింది. ఇద్దరం కర్రిని మధ్యలో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాం.

కుక్క మొరిగి అమ్మను కాపాడిందని ఊరంతా పాకింది. కుక్క మరేం చేస్తుంది? మేం కాదనలేదు. నాయన వెట్టి నుంచి వచ్చేసరికి ఆ కథ ఆయనకు ఊరి మొదట్లోనే ఎదురైంది. సంబరంగా వచ్చాడు. చెట్టుకు ఎందుకు పోయావని కోప్పడటం కూడా మరిచాడు. అమ్మ వాకిట్లో అటు తిరిగి, ఎండిన పువ్వు చెరుగుతోంది. నాయన అరుగు మీద కూర్చుని, మొరిగిందంట గదా అన్నాడు. అమ్మ పలకలేదు. ఎంత గట్టిగా మొరిగింది, ఎటు దిక్కు నుంచి ఇనవడ్డది అని అడిగాడు. చేట ఆడుతూనే ఉంది. నేను నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపాడు. అమ్మ పేరు పెట్టి పిలిచాడు. ఆయన ఆమెను పేరు పెట్టి పిలవడం అదే నేను మొదటిసారి వినడం. వినవలసిన మనిషి వినలేదు. నాయన ముఖంలో సంబరం మెల్లమెల్లగా ఇంకిపోవడం చూశాను. కర్రి వైపు చూశాడు, కొట్టంలో వేలాడుతున్న తోలు వైపు చూశాడు. లేచి, అమ్మ చుట్టూ తిరిగి వచ్చి, వెలుగు తన ముఖం మీద పడేలా ఎదురుగా గొంతు కూర్చున్నాడు.

"రేపటి సంది నేను గూడ వస్త," అన్నాడు, ఒక్కొక్క మాటే.

అమ్మ ఆయన పెదవులు చూసింది. తన గుట్టు తెలిసిపోయిందని ఆమెకూ తెలిసింది. "నువ్వొచ్చి ఏం జేస్తవ్?" అంది.

"నీ ఎనక నిలవడ్త."

ఆ తర్వాత నాయన అమ్మతో వెనక నుంచి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఉప్పు అడగాలన్నా, కోపం చెయ్యాలన్నా, ఎక్కడ ఉన్నా లేచి చుట్టూ తిరిగి ఆమె ముందుకు వచ్చేవాడు. కర్రి ముసలిదై పోయింది, రాజుల రాజ్యం పోయింది, తర్వాత వాళ్లిద్దరూ పోయారు. వాళ్లు ఏమేం మాట్లాడుకున్నారో నాకిప్పుడు సగం గుర్తులేదు. ఏ ఏడు ఏది జరిగిందో అసలే గుర్తులేదు. మాట నోట్లో పెట్టుకుని నాయన ఆమె ముందుకు నడిచి రావడానికి పట్టిన ఆ కాస్త కాలం మాత్రం, అన్నేళ్ల కాపురంలోంచి నాకు చెక్కుచెదరకుండా మిగిలింది.