నా కుంటికాలికి సాక్షులు

నా కాలు నలగడం ప్రమాదం. ఆ కాలి మీద సర్కారు ఇవ్వబోయిన మూడేండ్ల బకాయిని ఊరందరి ముందూ తన్నేయడం మాత్రం పూర్తిగా నా స్వార్జితం. మా ఇంట్లో తాత సంపాదించాడు, నాయిన కోర్టుల్లో పోగొట్టాడు. నాకు పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్చలేదని చాలాకాలం చిన్నబుచ్చుకున్నాను. చివరకు నాకూ ఆ అవకాశం వచ్చింది. దాన్ని ఎంత చక్కగా వాడుకున్నానో చెబుతాను. నవ్వదలచినవారు నవ్వవచ్చు, మా ఊరు ఎప్పుడో నవ్వేసింది.

పానగల్ దాటాక మా ఊరు. అక్కడ మాకు గడీ ఉండేది. నా కాలానికి అందులో రెండు గదులు, ఒక బావి, ‘దొర’ అనే పిలుపు మిగిలాయి. పిలుపుతో పొయ్యి రాజుకోదు గనుక నందికొండ వైపు వేస్తున్న రోడ్డు పనిలో కూలీల హాజరు రాసే కొలువులో చేరాను. ఒకనాడు వాలులో రాళ్లబండి ఎద్దులను తోసుకుంటూ వచ్చింది. “ఉరుకుండ్రి దొరా, ఉరుకుండ్రి!” అని కేకలు. కూలీలు ఉరికారు. మేస్త్రీ ఉరికాడు. మేస్త్రీ వెంట తిరిగే కుక్క అందరికంటే ముందు ఉరికింది. మా వంశంలో బజారున ఉరికినవాడు లేడు. హుందాగా పక్కకు జరుగుదామనుకున్నాను. హుందాతనం ఒక అడుగు వేసేలోపల చక్రం నా ఎడమ మోకాలి మీదుగా పోయింది.

దవాఖానలో డాక్టర్లు చూసి కాలు పావు వంతు పోయిందని తేల్చారు. పావు వంతు పింఛను వచ్చింది. రెండేండ్ల తర్వాత మళ్లీ చూడాలని కాగితం మీద రాశారు. రెండేండ్లు గడిచేసరికి డాక్టరు బదిలీ అయ్యాడు. డాక్టరు వెంట నా కాగితాలూ మహబూబ్‌నగర్ పోయాయి. కొన్నాళ్లకు కాగితాలు తిరిగొచ్చాయి గాని డాక్టరు రాలేదు. అట్లా రెండేండ్లకు జరగవలసిన పరీక్ష, నేను అర్జీ మీద అర్జీ పంపగా పంపగా ఐదేండ్లకు జరిగింది.

ఈలోగా కాలు నా కోసం ఆగలేదు, చెడుతూ పోయింది. కానీ దొర కుంటుతుంటే ఊరు చూడటమా? పండ్లు బిగబట్టి నిటారుగా నడిచేవాణ్ని. నొప్పి ఓర్చుకోలేనప్పుడు ఆగి, ఎవరిదో ఒకరి గోడను పరీక్షగా చూస్తూ నిలబడేవాణ్ని. నేను ఇళ్లు కొనబోతున్నానని ఊళ్లో పుకారు లేచింది. ఒకాయన ధర కూడా చెప్పాడు. నిజం తెలిసింది ఇద్దరికే: నా భార్య అనసూయకు, ఒకప్పుడు మా గొర్రెలు కాసిన కొమురయ్యకు. మా వాకిట్లో కొమురయ్య భుజమే నా చేతికర్ర. “ఈ సంగతి గడప దాటొద్దు” అని అతనితో ప్రమాణం చేయించుకున్నాను. అదీ నా తెలివి.

కొత్త పరీక్షలో కాలు సగం పోయిందన్నారు. నల్లగొండ కచేరిలో గుమాస్తా ఖాసిం సాబ్ ముఖం వెలిగిపోయింది.

“ముబారక్ దొరవారూ! పెంపు మంజూరైంది. కాని ఇయ్యాల్టి సంది. జర ఆగుండ్రి, చూసుడు ఆలస్యం చేసింది మేమే గద? కాలు మూడేండ్ల సంది గిట్లనే ఉన్నదని రుజువైతే అప్పటి సందే లెక్కగట్టి అంత ఒక్కపారే ఇప్పిస్తం.”

“రుజువంటే?”

“ఊళ్లె చూసినోళ్లు ఇద్దరు చెప్తె చాలు. కుంటే మనిషిని ఊరంత చూస్తది. ఇదేమన్న ముష్కిల్ పనా?”

ఎంత ముష్కిలో నాకు తెలుసు. అయినా ఆ డబ్బు కావాలి. మా బావి ఎండిపోయి రెండు ఎండాకాలాలైంది. మా భూములు కొన్న లింగయ్య సేటు బావికి అనసూయ బిందె పట్టుకొని పోతోంది. ముఖానికి కొంగు అడ్డం వేసుకునేది గాని, బిందెకు వేయలేకపోయేది. దాని మీద మా తాత పేరు చెక్కి ఉంది. మూడేండ్ల పెంపు ఒకేసారి వస్తే బావి లోతు తీయించవచ్చు. వడ్డెవాళ్లతో బేరం కూడా ఆడి ఉంచాను.

రుజువు చూడటానికి సర్కారు మనిషి ఊరికి వచ్చిన విచారణ నాడు అనసూయ నన్ను గుమ్మం దగ్గర ఆపింది. “ఆ సారు ముందర జర కుంటుండ్రి. నటించుమంటలేను. ఇంట్ల కుంటినట్టే కుంటుండ్రి.”

“సరే” అన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు నిజంగానే అన్నాను.

చావడిలో కోస్తా నుంచి కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. మంచి మనిషి. అసలు చిక్కంతా మంచివాళ్లతోనే.

“మీరు పంపిన అర్జీలన్నీ చదివానండి. ప్రతిదాంట్లోనూ ‘ఇక్కడ నేను క్షేమం’ అని మొదలుపెట్టారేంటండీ?”

“మర్యాద తెలిసినవాడు ఉత్తరం ఇంకెట్లా మొదలుపెడతాడు?”

“నిజమేననుకోండి. కాలు పోతోందని రాసేటప్పుడైనా కాస్త మర్యాద తగ్గించాల్సిందండీ.” నిట్టూర్చి మంగలి సాయిలును పిలిచాడు. “ఈయన మూడేళ్లుగా కుంటుతున్నారా?”

“ఎవరు, దొరనా? పోలీసోని లెక్క నడుస్తడు సారూ. నడుమ నడుమ ఆగి గోడలు చూస్తడు, గంతే. గోడలంటె దొరకు పానం.”

తర్వాత కొమురయ్య. ఇన్‌స్పెక్టరుకు కనబడకుండా ‘చెప్పు, చెప్పు’ అని కన్నుగీటాను. కొమురయ్య అర్థమైనట్టు తల ఊపాడు. నా గుండె కుదుటపడింది.

“మా దొర కాలా సారూ? ఉక్కు! మొన్న మా పొట్టేలు అడ్డమొస్తె ఒక్క తన్ను తన్నిండు. గదింక లేవనే లేదు.”

ఆ పొట్టేలు రోగంతో చచ్చింది. కొమురయ్య నా పక్కనుంచి పోతూ చెవిలో అన్నాడు: “ఫికర్ చేయకుండ్రి దొరా. పీక కోసినా చెప్ప.”

ఇన్‌స్పెక్టరుకు నా మీద జాలి కలిగింది. “పోనీలెండి. పెద్దింటివారు, మీ నోటి మాట చాలు. ‘మూడేళ్లుగా నాకు కాలు బాగాలేదు’ అని ఈ నలుగురి ముందూ అనండి, రాసుకుంటాను.”

ఒక్క వాక్యం. నోరు తెరిచాను. అప్పుడే వెనకనుంచి లింగయ్య సేటు గొంతు.

“ఏందీ, దొరకు కాలు పోయిందా? మూడేండ్ల సంది? అయ్యో, ఒక్క మాట చెప్తె మా బండి పంపకపోదునా!”

ఆ బండి మా బండే. వేలంలో కొన్నాడు. నేను చెప్పవలసిన వాక్యం గొంతులోనే ఉంది. దాన్ని తోసుకొని మరొకటి బయటికొచ్చింది.

“నీ బండి నీ దగ్గరే ఉంచుకో లింగయ్యా. నా కాలికేం?”

లేచాను. చావడి నుంచి మా గుమ్మం దాకా ఒక్క గోడనూ చూడకుండా నిటారుగా నడిచాను. అంత అందంగా కాలు నలగకముందు కూడా ఎన్నడూ నడవలేదు. వెనకనుంచి ఇన్‌స్పెక్టరు “భేష్!” అనడం, పుస్తకం మూయడం రెండూ వినబడ్డాయి.

గుమ్మం లోపల కూలబడ్డాను. అనసూయ పరుగున వచ్చింది.

“కుంటిండ్రా?”

నా ముఖం చూసింది. ఒక్క మాటైనా అనకుండా బిందె తీసుకొని లింగయ్య బావికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఆమె కంటే ముందే బిందె భుజాన పెట్టుకొని నేను బయలుదేరాను. నిండు బిందెతో నిటారుగా నడవడం ఏ వంశంవాడికీ చేతకాదు. సగం బిందె బజారుకు, సగం నా ధోవతికి పోసుకుంటూ, దాచిన మూడేండ్ల కుంటుడంతా ఒక్కపూటలో కుంటేశాను. ఊరు ఊరంతా బయటికొచ్చింది.

“అయ్యో దొరా, గిదేంది! నిన్నటిదాంక మంచిగ ఉంటిరి గద!”

“సారుకు నడిచి చూపిచ్చుట్ల కాలు పోయింది” అని కొమురయ్య కళ్లు తుడుచుకున్నాడు.

“సాక్షి నేను చెప్త!” అని లింగయ్య సేటే ముందుకొచ్చాడు. సాయంత్రానికి ఊరందరూ వేలిముద్రలు వేసిన కాగితం తయారైంది. దొరవారు నిన్నటి నుంచి ఘోరంగా కుంటుతున్నారని అందులో ఏకగ్రీవంగా రాశారు.

నల్లగొండలో ఆ కాగితం చదివి ఖాసిం సాబ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఇంత మంది సాక్షులను నా నౌకరీల చూడలే దొరవారూ. కాని ఏం ఫాయిదా? నిన్న మొన్నటి కుంటుకు పెంపు మీకు ముందే ఇచ్చినం గద!”

బకాయి రాలేదు. నెలనెలా వచ్చే పెంపును కూడబెట్టి, ఏడాదికింత చొప్పున బావి తవ్వించాను. మూడో ఏట నీళ్లు పడ్డాయి. మొదటి చేద తోడి అనసూయ నా చేతికిచ్చింది. “తాగుండ్రి. మీరు నడిచిన నడకకు మూడేండ్లు పట్టింది.”

ఆ నీళ్లు అరచేతిలో పోసుకొని, తూర్పుకు తిరిగి, పితృదేవతలందరి సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీదట సర్కారు మనిషి పొలిమేరలో కనబడితే చాలు, రెండు కాళ్లతోనూ కుంటుతాను.