నమ్మబుద్ధి

నేను చేవెళ్లలో భౌతికశాస్త్రం బోధించే రోజుల్లో, మా కాలేజీ తెలుగు సారు నెలకోసారి మొయినాబాద్ గ్రంథాలయంలో కొత్త నవలలను సమీక్షించేవారు. ఏ రకం నవలైనా, చివర కళ్లద్దాలు తీసి, నమ్మబుద్ధి అయిందో లేదో చెప్పేవారు. వెంటనే కారణం చూపేవారు. రుజువు లేనిదే దేన్నీ ఒప్పుకోని నాకు ఆయనలో నచ్చింది అదే.

"దయ్యాన్నైతే నమ్మిన. ఆ ఇంట్ల కుక్క మొరగకపోవుడే నమ్మబుద్ధి అయితలేదు," అన్నారొకసారి. ఒక సాఫ్ట్‌వేర్ ప్రేమకథ గురించి, "పిలగాడు రోజూ గచ్చిబౌలికి పోతడు. ట్రాఫిక్‌ను ఒక్కసారన్న తిట్టడా?" అన్నారు.

ఐటీ కంపెనీల రాకతో ముడిమ్యాల దాకా భూముల ధరలు పెరిగిన ఏడాది, అక్కడి తమ పొలం బావిలో సారు తండ్రి శవమై తేలారు. కాలు జారిందన్నారు. ఆయన పొలం అమ్మననడం, పెద్దకొడుకు అప్పటికే బయానా తీసుకోవడం మాత్రం నేను విచారించి తెలుసుకున్న నిజాలు.

మరుసటి ఏడు వచ్చిన ఒక నేర నవలలో, భూమి అమ్మనన్న తండ్రిని కొడుకే బావిలోకి తోస్తాడు. ఆ సమీక్షకు, ఎన్నడూ రాని సారు అన్నగారు వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. సారు భాషనూ కథనాన్నీ నిదానంగా విశ్లేషించి కళ్లద్దాలు తీశారు.

"మరి నమ్మొచ్చా తమ్మీ?" అన్నగారు నవ్వుతూ అడిగారు.

సారు పుస్తకం వైపే చూస్తూ, "నమ్మబుద్ధి అయితలేదే అన్నా," అన్నారు.

"ఎందుకు సార్?" అన్నాను నేను.

"సారే చెప్పిండు కద! ఇంకేంది, చాయ్ తెప్పియ్యుండ్రి," అన్నారు అన్నగారు.

ఆ బావి దగ్గర ఏం జరిగిందో చెప్పడానికి నా దగ్గర రుజువు లేదు. సారు మాత్రం ఆ తర్వాత ఏ నవలనూ సమీక్షించలేదు.