పొగమంచులో తప్పిన ద్వారం

నిన్న ఇస్త్రీ చేస్తుంటే చీర అంచు మీద ఎప్పుడో పడిన కొవ్వొత్తి మైనం కరిగి వాసన వచ్చింది. పంతొమ్మిది వందల అరవైల చివర, భిలాయి సెక్టర్ 7లో, మా ఎదురింటి వరండా నుంచి ప్రతి చలికాలమూ ఈ వాసనే వచ్చేది. ఆ ఇంట్లో నీనా దీదీ ఉండేది. ఉక్కు కర్మాగారం పని మీద వచ్చిన రష్యన్ ఇంజనీరు భార్య. మంచు ఎన్నడూ పడని ఆ ఊళ్లో తన స్కీలను గోడకు ఆనించి పెట్టుకుంది. మంచుకొండల మీద నుంచి జారడానికి కాళ్లకు బిగించుకునే పొడవాటి చెక్క బద్దలు అవి. మా అమ్మ దగ్గర బొగ్గుల ఇస్త్రీపెట్టె తీసుకెళ్లి, వాటి అడుగున మైనం కరిగించి పూసేది. వాడనివాటికి ఇంత సేవ ఎందుకని అమ్మ అడిగితే, వదిలేస్తే చెక్క పాడైపోతుందని వచ్చీరాని హిందీలో చెప్పింది.

ఆమె వరుసగా మూడేళ్లు స్కీయింగులో వాళ్ల దేశపు చాంపియన్ అని వాళ్లాయనే మా నాన్నకు చెప్పాడు. ఆమె ఆ మాట ఎత్తేది కాదు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. స్కూల్లో పరుగు పందేలకు వెళ్తానని తెలిసి, రోజూ పొద్దున్నే నన్ను సెక్టరు రోడ్ల వెంట పరిగెత్తించేది. కాళ్లకేసి చూసుకోవద్దని, వెళ్లాల్సిన చోటికే చూడమని పదేపదే చెప్పేది.

ఆ ఏడాది స్కూళ్ల మధ్య దూరపు పరుగు నందిని రోడ్డులో పెట్టారు. దారిలో ఒక మామిడితోపును చుట్టి రావాలి. పక్కనున్న జాముల్ ఊరి నుంచి వచ్చిన అమ్మాయి నాకంటే చాలా ముందుంది. నేను తోపు చుట్టలేదు. చెట్ల మధ్య నుంచి అడ్డంగా దాటేశాను. ఎవరూ చూడలేదు. కప్పు నాకే ఇచ్చారు. నాన్న దాన్ని వీధంతా చూపించాడు.

నీనా దీదీ కప్పును చేతిలోకి తీసుకుని, ఆ అమ్మాయిని ఎక్కడ దాటావని అడిగింది. నా మొహం చూసి మెట్ల మీద కూర్చోబెట్టింది. తన నాలుగో ఏడాది ఫైనల్ గురించి అప్పుడు చెప్పింది. కొండ పొడవునా జంట జెండాలు పాతి ఉంటాయట. ఒక్కో జంటా ఒక ద్వారం. ప్రతి ద్వారంలోంచీ జారి రావాలి. ఆ రోజు దట్టమైన పొగమంచు. ఒక ద్వారానికి ఆమె బయట నుంచి వచ్చేసింది. అక్కడ నిలబడ్డ జడ్జికి కనబడలేదు. మెడలో పతకం వేశారు. సాయంత్రం ఆమే వెళ్లి చెప్పి, తీసి ఇచ్చేసింది. జట్టు పరువు తీసిందని కోచ్ మళ్లీ మాట్లాడలేదు. ఎంపికల్లో ఆమె పేరు మళ్లీ రాలేదు. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు.

"బాధపడలేదా దీదీ?" అన్నాను.

"ప్రతి చలికాలం పడతాను."

"మరెందుకు చెప్పావు?"

"జడ్జి చూడలేదు. నేను చూశాను."

కప్పు తిరిగి ఇచ్చేయమని ఆమె అనలేదు. నా ఒళ్లో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు డ్రిల్లు మాస్టారికి కప్పు అప్పగించి జరిగింది చెప్పాను. ఆ ఏడాది జట్టులోంచి నన్ను తీసేశారు. నాన్న తిట్టలేదు. అన్నం ముందు కూర్చుని, "ఎవులూ సూడనేదు కదే. మరెందుకు సెప్పీసినావు?" అన్నాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. జాముల్ అమ్మాయి సిమెంటు ఫ్యాక్టరీలో కూలి చేసే తండ్రితో వచ్చి కప్పు తీసుకుంది. ఆ అమ్మాయి నన్ను మెచ్చుకుంటుందని లోలోపల అనుకున్నాను. అది పందెం రోజే ఇవ్వాల్సిందని హిందీలో అనేసి, తండ్రి చేయి పట్టుకుని వెళ్లిపోయింది.

మరుసటి వేసవిలో నీనా దీదీ వాళ్లు వెళ్లిపోయారు. ఉత్తరాలు రాలేదు. నేను ఉక్కు నమూనాలు పరీక్షించే ల్యాబులో ముప్పై ఏళ్లు పనిచేశాను. పరీక్షలో పొరపాటు జరిగితే, తప్పు నాదేనని రాసి సంతకం పెట్టిన రోజులున్నాయి. అందుకు ప్రమోషన్లు పోయాయి, ఏడ్చాను కూడా. నిజం చెబితే మనసు తేలికపడుతుందని నా పిల్లలకు నేనెప్పుడూ చెప్పలేదు. ఒక్కోసారి పడదని, అయినా చెప్పాలని మాత్రం చెప్పాను.