మాటు విడని కాశీ చెంబు

కోవిడ్ సద్దుమణిగి ఆఫీసులు పూర్తిగా తెరుచుకున్న ఏడాది. బెంగళూరు మహదేవపురలో ఒక చిన్న టెస్టింగ్ ల్యాబులో నేను ఇంజనీరుని. విమానాల్లో వాడే ప్యానెళ్ళు, నాలుగువైపులా మూసేసిన లోహపు భాగాలు మా దగ్గరికి వస్తుంటాయి. వాటిని కోయకుండా, విప్పకుండా లోపల తేమ చేరిందో లేదో చెప్పడం మా పని.

దానికి వాడేది పల్స్‌డ్ న్యూట్రాన్ జనరేటర్. పేరు విని కంగారు పడనక్కర్లేదు. అదొక గొట్టం. న్యూట్రాన్లను చిన్న చిన్న విడతలుగా వదులుతుంది, ఆపుతుంది. ఒక్కో విడత ఒక పల్స్. లోహాన్ని అవి పెద్దగా లెక్కచేయవు. నీళ్ళు తగిలితే మాత్రం అందులోని హైడ్రోజన్‌ను ఢీకొని నెమ్మదిస్తాయి, కొన్ని వెనక్కి తిరిగొస్తాయి. జనరేటర్ ఆగిన ఆ కాస్త సందులో డిటెక్టర్ వాటిని లెక్కపెడుతుంది. కౌంట్ పెరిగిందంటే లోపల నీళ్ళున్నట్టే.

కె.ఆర్.పురంలో మా ఇంటి ఓనరు నారాయణప్పగారి దగ్గర ఈ గొప్పలన్నీ వాగింది నేనే. ఆయన సైకిల్ షాపు నడిపి మానేసిన మనిషి. భార్య జయమ్మగారు పోయి అప్పటికి ఏడాది దాటింది. ఒక ఆదివారం కాఫీకి పిలిచి, పూజగదిలోంచి చిన్న రాగి చెంబు తెచ్చి నా చేతిలో పెట్టారు. మూత ఊడకుండా చుట్టూ తగరం కరిగించి మాటు వేసిన కాశీ చెంబు.

"దీంట్లో నీళ్ళుండాయా లేదా, స్వల్పం చూసి చెప్పప్పా."

ఊపి చూశాను. చప్పుడు లేదు. అంచుదాకా నిండినా చప్పుడు రాదు, ఖాళీగా ఉన్నా రాదు. రాగి మందం తెలియదు కాబట్టి బరువును బట్టీ చెప్పలేం.

"ఉంటాయి లెండి, ఎక్కడికి పోతాయి!" అన్నాను, ధైర్యం చెబుతున్నాననుకుని.

"ఉండకూడదనే నా ఆశ" అన్నారాయన.

జయమ్మగారు వీధిలోవాళ్ళతో కాశీ వెళ్ళినప్పుడు ఈయన షాపు వదల్లేక ఆగిపోయారట. ఆమె తన చేత్తో గంగ నింపి, మాటు వేయించి తెచ్చి, ఇద్దరం కలిసి కాశీకి వెళ్ళినప్పుడే దీన్ని తెరుద్దామంది. ఆ ప్రయాణం ఏటికేడు వాయిదా పడుతూనే ఉంది. ఈలోగా ఆమె మంచం పట్టింది.

"ఆకర్న గంగ పొయ్యమని అడిగింది. నోరు తెరుచుకోని నా పక్కే చూస్తా ఉండాది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తిని, కటింగ్ ప్లేయర్ పెడ్తిని, స్టవ్వు మంట గూడా చూపిస్తిని. రాలేదు. ఆమె అట్లే పాయ." ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టారు. "బతుకంతా రిపేర్లు చేసినోణ్ణప్పా నేను. దీంట్లో నీళ్ళే లేవని చెప్పు, చాలు. అప్పుడు ఆమెకు నా వల్ల తక్కువైంది ఏం లేనట్టే కదా."

"లేకపోతే లేవంటాను, ఉంటే ఉన్నాయంటాను" అన్నాను. కటువుగానే అన్నాను. మా పని అలాంటిది.

"అట్లే కానీ" అన్నారు.

చిన్న పాత్రల్లో నీటి జాడ పట్టగలమా అని మేము ఎలాగూ ట్రయల్ చేయాల్సి ఉంది. మేనేజర్ ఒప్పుకున్నాడు. బజార్లో అదే సైజువి రెండు చెంబులు కొన్నాను. ఒకటి ఖాళీగా, ఇంకొకటి కొళాయి నీళ్ళతో నింపి ముందు చూశాం. ఖాళీదానికి కౌంట్ తక్కువ, నీళ్ళదానికి ఎక్కువ. తర్వాత ఈయన చెంబు పెట్టి, గది తాళం వేసి బయట కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఫలితం ఇలా రావాలని కోరుకోకూడదు మేము. ఆ రోజు మాత్రం 'పెరగొద్దు, పెరగొద్దు' అని గొణుక్కున్నాను. పెరిగింది. నీళ్ళ చెంబుకు ఏమాత్రం తీసిపోలేదు.

రేడియేషన్ ఏమీ మిగల్లేదని మీటరుతో చూసుకుని, చెంబు తీసుకుని రిసెప్షన్‌లో ఎదురుచూస్తున్న నారాయణప్పగారి దగ్గరికి వెళ్ళాను. నా ముఖం చూడగానే ఆయనకు తెలిసిపోయింది.

"ఉండాయి కదా?"

"ఉన్నాయండి. నిండుగా."

ఆయన చెంబును ఒళ్ళో పెట్టుకుని తల వంచుకున్నారు. ఆయన బొటనవేలు మాటు పక్కన నల్లటి మచ్చను రుద్దుతూ ఉంది. అది చూస్తుంటే తట్టింది.

"స్టవ్వు మంట చూపించింది ఇక్కడేనా?"

"ఈడే. వంచి పట్టుకుంటిని."

"ఖాళీ చెంబయితే మాటు కరిగి మూత ఊడొచ్చేసేదండి. లోపల నీళ్ళు అంచుదాకా ఉన్నాయి. వేడినంతా అవే లాగేసుకున్నాయి. ఇంకెక్కడ కరుగుతుంది? మీ చేతకానితనం కాదిది. ఆ స్టవ్వు మీద నేనైనా తెరవలేను."

"నిండుగా ఉండబట్టే రాలేదంటావా?"

"అవునండి."

ఆయన చాలాసేపు చెంబునే చూశారు. "రవంత గూడా వెలితి లేకుండా నింపింది చూడప్పా, నాకోసరం" అన్నారు. కళ్ళు తుడుచుకోలేదు.

ఉంది, లేదు అని చెప్పేస్తే నా పని అయిపోయిందనుకునేవాణ్ణి అంతవరకూ. ఇప్పుడు రిపోర్టు చేతికిచ్చాక కూడా ఎదుటి మనిషి దగ్గర కాసేపు కూర్చుంటున్నాను.

మా టెక్నీషియన్ మాటు విప్పి ఇస్తానన్నాడు. నారాయణప్పగారు వద్దని చెంబును పంచె కొంగులో చుట్టుకున్నారు.

"కాశీకి పోయి ఆడనే తెరుస్తా. రైలు టికెట్టు తీసిపెట్టప్పా" అన్నారు నాతో. "ఒకటే చాలు. ఆమె నా ఒళ్ళో కూసుంటాది."