చలి చెప్పిన సాక్ష్యం

నా చిన్నప్పుడు మా సిరిసిల్లలో నేతపని వాళ్ల వాడలన్నిటిలో తలకు ఆముదమే. కొబ్బరినూనెను మా వాడకు ఇంటింటికీ తెచ్చింది మా మేనత్త. ఆమె భర్త చిన్న వయసులోనే పోయాడు. జగిత్యాలలో గానుగ దగ్గర డబ్బాలో పోయించుకొని, బస్సులో తెచ్చి, నెత్తిన పెట్టుకొని తిరిగి అమ్మేది. కొలిచి పోయడానికి నేను వెంట ఉండేదాన్ని. ఎండాకాలంలో మొదలుపెట్టింది. వాసన బాగుందని ఆడవాళ్లు పిలిచి మరీ పోయించుకున్నారు.

ఆ ఏడు చలి గట్టిగా వచ్చింది. ఒకరోజు పొద్దున్నే సాంచాల సేఠు భార్య సీసా పట్టుకొని మా వాకిట్లోకి వచ్చింది. సాంచాలంటే కరెంటు మగ్గాలు. ఆ సీసాలో తెల్లగా ముద్ద ఉంది. తలకిందులు చేసి ఊపినా చుక్క రాలలేదు.

“ఇదేందే? పశువుల కొవ్వు కలిపి మా నెత్తికి రుద్దిపిస్తున్నవా? దేవుని దగ్గర దీపం గూడ దీంతోనే పెట్టిన గదనే నేను!”

వాడంతా కూడింది. మా ఇంట్లోనూ గడ్డ కట్టిందని ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు. నెయ్యి పేరుకోవడం రోజూ చూసేవాళ్లే, కానీ ఈ నూనె కొత్తది, అది కూడా పేరుకుంటుందని ఎవరికీ తోచలేదు. ఇంతలో సేఠు భార్య మరిది, “సంగపోళ్లకు చెప్తం. కల్తీ చేసెటోళ్ల సంగతి వాళ్లే జూస్తరు” అన్నాడు.

ఆ మాటతో ముందున్నవాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. సంగపోళ్లంటే అన్నలు, నక్సలైట్లు. అవి వాళ్ల కాలం మరి. వాళ్లు వచ్చి పంచాయితీ పెడితే ఏం తీర్పు వస్తుందో తెలియదు. వాళ్లు వచ్చిపోయారని తెలిస్తే మర్నాడు పోలీసులు ఎవరిని పట్టుకుపోతారో అదీ తెలియదు. పైగా మొగుడు లేని ఆడమనిషి. కొవ్వు కలిపిందన్న పేరు ఒకసారి పడితే ఇక ఏ గడపా ఎక్కనివ్వరు. నేను అత్త కొంగు పట్టుకొని ఆమె వెనక్కి జరిగాను.

అత్త ఏడవలేదు, ఒట్లు పెట్టలేదు. సీసా తీసుకొని ఎండలో పెట్టింది. కాసేపటికి అది కరిగి నీళ్లలా తేటగా అయింది.

“కొవ్వు గూడ గట్లనే కరుగుతది,” అంది సేఠు భార్య.

“అవునక్కా, నీ మాట నిజమే. నీ ఇంట్ల కొబ్బరి కుడుకలు ఉన్నయా?”

“ఉంటే?”

“నీ కుడుకలు, నీ రోలు, నీ పొయ్యి. నేను చెయ్యి గూడ పెట్ట. నువ్వే దంచు, నువ్వే ఉడకబెట్టు. వచ్చిన నూనె నీ ఇంట్లనే పెట్టుకో. తెల్లారి గడ్డ కట్టకుంటే సంగపోళ్ల దాక నువ్వు పోవుడెందుకు, నేనే పోయి చెప్త.”

“మంచిగైంది, సేఠానికి ఇయ్యాల దంచుడు పని దొరికింది!” అని వెనక నుంచి ఒక ముసలామె అంటే అందరూ నవ్వారు.

పెండ్లికని దాచిన ఎండుకొబ్బరి కుడుకలు బయటికి వచ్చాయి. సేఠు భార్య చెమటలు కక్కుతూ దంచింది, నీళ్లు పోసి ఉడికించింది, పైకి తేలిన నూనె గిన్నెలోకి తీసుకుంది. దాన్ని గూట్లో పెట్టి తాళం వేసి, చెవి నడుముకు దోపుకుంది. అప్పటికే మబ్బు కమ్మింది. మబ్బు పడితే చలి తగ్గుతుంది కదా అని నాకు అన్నం సహించలేదు. అత్త మాత్రం ఆకాశం వైపు ఒకసారి చూసి, “దానికి గింత చలైనా చాలు, పండుకో బిడ్డా,” అంది.

తెల్లవారేసరికి జనమంతా సేఠు వాకిట్లోనే. ఆమె తాళం తీసి గిన్నె బయటికి తెచ్చింది, తలకిందులు చేసింది. చుక్క కారలేదు. తెల్లగా గట్టిగా పేరుకొని ఉంది. వేలితో నొక్కి చూసుకొని, “ఇది నేను చేసిందే” అంది మెల్లగా.

“నువ్వు కలిపింది లేదు, నేను కలిపింది లేదు. గడ్డ కట్టించింది చలి. పిలువుండ్రి దాన్ని పంచాయితీకి!” అంది అత్త.

నవ్వులతో వాకిలి అదిరిపోయింది. మరిది ఎటు జారుకున్నాడో ఎవరూ చూడలేదు. సేఠు భార్య ఖాళీ సీసా తెచ్చి అత్త ముందు పెట్టి, “నింపవే” అంది. ఆ రోజు కొలిచి పోస్తుంటే నా తల దానంతట అదే పైకి లేచింది.

ఇంటికి వచ్చే దారిలో అత్త చెప్పింది. ఒక్కో వస్తువు గడ్డ కట్టడానికి ఒక్కో చలి కావాలట. ఈ నూనెకు కొద్దిపాటి చలి చాలు. నీళ్లు బర్ఫు కావాలంటే ఇంకా చాలా చలి కావాలి. ఆముదం మా దిక్కు చలికి లొంగనే లొంగదు. వేడి తగిలితే గడ్డ కట్టింది మళ్లీ కరుగుతుంది, దాని గుణం మాత్రం ఎక్కడికీ పోదు.

నా మొగుడు పోయాక నేనూ మాటలు పడ్డాను. మొగుడు లేనిదానికి మాటలు తప్పుతాయా? ఎదురు అరవాలని నోటిదాకా వచ్చిన ప్రతిసారీ “నీ కుడుకలు, నీ రోలు” అన్న గొంతు వినిపిస్తుంది. అనేవాళ్ల చేతికే పని అప్పజెప్పి, తెల్లారేదాకా ఆగుతాను. చలికాలం పొద్దున సీసాలో నూనె తెల్లగా పేరుకొని కనబడితే, ఇప్పటికీ ముందు దాన్ని అరచేతుల్లో పెట్టుకుంటాను. అది కరిగేలోపు మా మేనత్త ఆ వాకిట్లో నిలబడ్డ తీరు ఒకసారి చూసుకుంటాను.