మల్లమ్మ బర్రె ఎక్కలేని మెట్లు

సూర్యాపేటలో గొడవలు సద్దుమణిగాయి కదా అని అక్కడ ఒక పాత పెంకుటిల్లు కొన్నాను. బాగుచేసి కిరాయికి ఇవ్వాలని ఆశ. ఇలాంటి పని నాకిదే మొదలు. మఠంపల్లి నుంచి బండ్ల మీద రాళ్లు తెప్పించి, గుమ్మం ముందు ఎత్తుగా మూడు మెట్లు కట్టించి మురిసిపోయాను.

ఈ రోజు పొద్దున పాలమ్ముకునే మల్లమ్మ ఇల్లు చూడటానికి వచ్చింది. గదులు, పెరట్లో కొట్టం అన్నీ నచ్చాయి. తిరిగి మెట్ల దగ్గరకొచ్చి ఆగిపోయింది. పెరట్లోకి ఇంట్లోంచి తప్ప వేరే దారి లేదు.

"ఇల్లు మంచిగున్నది పటేలా. మరి నా బర్రె ఈ మెట్లెట్ల ఎక్కుతది?"

"బర్రెను బయట కట్టెయ్యి మల్లమ్మా."

"నేనన్న బయట పండుకుంట గని, అదెట్ల పండుకుంటది? నిండు సూడితోటున్నది. ఇయ్యాలో రేపో ఈనుతది."

అప్పటికప్పుడు మేస్త్రీని పిలిచి, అంత ముచ్చటపడి కట్టించిన మెట్లు ఊడదీయించి, గరుకు రాళ్లతో వాలుగా దారి వేయించాను. సాయంత్రం మల్లమ్మ బర్రెను తోలుకొచ్చింది. అది నా వైపు కూడా చూడకుండా నింపాదిగా ఇంట్లోంచి నడిచి, కొట్టంలో పడుకుంది. ఇల్లు కుదిరినట్టే.

మీరైనా ఇల్లు బాగుచేయించేటప్పుడు ముందు బర్రెనడిగారా, లేక నాలాగా మనుషుల్నే అడిగారా?